ఐలేశం మూడు వేళ్ళు

ఐలేశానికి ఉన్నది ఒక్కటే జబ్బు. కంత కనిపిస్తే చాలు, మూడు వేళ్ళు దూర్చి చూడాలి.

ఆ జబ్బు నదీతల్లి కృష్ణమ్మ అంటించింది. అచ్చంపేట అడవి దిగువన వాళ్ళ రేవు పులుల అభయారణ్యంలో ఉంది. ఈ గట్టు తెలంగాణ, ఆ గట్టు ఆంధ్ర. పిల్లచేపలు తప్పించుకుని పెద్దవి కావాలి కనుక, వలకన్నులో మూడు వేళ్ళు దూరితేనే వల నీళ్ళలో దిగాలని రెండు గట్ల జాలర్లూ ఒట్టేసుకున్నారు. వలలు చూసే పని ఐలేశానికి అప్పగించారు. ఆయన వేళ్ళేమో వంకాయలు! అవి పట్టిన కంతలోంచి కోడిపిల్ల కూడా నడిచిపోతుంది.

ఇక భార్య గోపమ్మకు తిప్పలు మొదలయ్యాయి. జల్లెడలో వేళ్ళు దూర్చాడు, జల్లెడ చిరిగింది. నులకమంచం కిందినుంచి దూర్చాడు, పైన పడుకున్న చుట్టం కెవ్వుమని లేచి బస్సెక్కాడు. చివరికి గారెలనూ వదల్లేదు.

"గిది చెల్లదు," అని గారెను పళ్ళెంలో పడేశాడు.

"గది వలనా? నోరు మూసుకొని తిను!"

"నోరు మూసుకొని ఎట్ల తింటరే?"

ఒకనాడు మధ్యాహ్నం ఫారెస్టు జీపు వస్తోందని కబురొచ్చింది. చిన్న కన్నుల వల దొరికితే చేపలు పట్టుకునే కార్డు రద్దు. ఐలేశం రేవుకు ఉరికాడు, వెనకాలే గోపమ్మ. అక్కడ పక్కింటి జంగమ్మ, ఒంటరి మనిషి, దోమతెరతో చేపలు పడుతోంది!

"చెల్లె, గిండ్ల నా వేలు కాదు, సూది గూడ దూరదు గదనే!"

"ఏం చెయ్యాలె అన్నా? మొసలి నా వల చింపింది. కార్డు వోతే నేనెట్ల బతకాలె?"

ఐలేశం తెరను లాక్కుని పిల్లచేపల్ని నీళ్ళలోకి దులిపి, ఒకటే పరుగు. గోపమ్మ రొప్పుతూ ఇల్లు చేరేసరికి, వాకిట్లో మంచానికి దోమతెర కట్టి గురక పెడుతున్నాడు. చుట్టూ ఊళ్ళోని పిల్లులన్నీ కొలువుతీరాయి.

జీపు దిగిన ఆఫీసరు విజేందర్ ముక్కు మూసుకున్నాడు.

"పట్టపగలు దోమతెరేంది ఐలేశం?"

"దోమలకు పగలు రాత్రి ఎర్కుంటదా సార్?"

"తడిగున్నదేంది?"

"చెమట సార్."

అంతలో తెర మడతలోంచి ఓ చేపపిల్ల జారి, ఐలేశం బొజ్జ మీద గంతులేసింది. పిల్లులకంటే ముందే గోపమ్మ దాన్ని లటుక్కున పట్టి నీళ్ళ బిందెలో వేసింది.

విజేందర్ పెదవి కొరుక్కున్నాడు. "మరి గీ తెర కంతల్ల నీ మూడు వేళ్ళు పోతయా?"

"పోతే దోమలు గూడ వస్తయి గద సార్!"

విజేందర్ ఆపుకోలేక ఫక్కున నవ్వేశాడు. "ఇంకోసారి గీ తెర నీళ్ళల్ల కనవడితే మాత్రం చూడు!" అంటూ జీపెక్కాడు.

మర్నాడు గోపమ్మ అటక మీద చూస్తే, ఎండాకాలమంతా ఐలేశం తనకోసం అల్లుకున్న కొత్త వల లేదు. గోడ మీదుగా తొంగిచూసింది. జంగమ్మ వల ఆరేసుకుంటోంది. ప్రతి కన్నూ వంకాయల కొలతే.

"మన వలేదయ్యా?"

"ఏ వల?" అంటూ ఐలేశం జల్లెడ అందుకున్నాడు.

సాయంత్రం జంగమ్మ గారెలు తెచ్చింది. వాటిలో పిండికన్నా కంతే పెద్దది. ఐలేశం మూడు వేళ్ళకూ ఒకే గారె తొడిగి, చెయ్యి పైకెత్తి గోపమ్మకు చూపించాడు.

"ఇగో, గిది చెల్లుతది!"