ఓటీపీ నేనే చదివిన

వనపర్తి బస్టాండు దగ్గర, పురుగుమందుల దుకాణం మీద మొదటి అంతస్తుల మా ఆఫీసు ఉండె. బయట పెద్ద బోర్డు: సాఫ్ట్‌వేర్ కోర్సులు, ఉద్యోగం గ్యారంటీ. మెట్ల మీద మందుల వాసన ముక్కు పగలగొట్టేది. లోపటికొస్తే ఏసీ చల్లగ తాకేది. నా టేబుల్ మీద 'కెరీర్ కౌన్సిలర్' అని చిన్న పలక. నా పని ఒక్కటే. మెట్లెక్కి వచ్చినోళ్లు సంతకం చేయకుండ దిగిపోవద్దు.

నేను గూడ ఒకప్పుడు అట్ల మెట్లెక్కినదాన్నే. గద్వాలల డిగ్రీ అయినంక, ఈ కంపెనీదే గద్వాల బ్రాంచిల ఆరు నెలల కోర్సుల చేరిన. కోర్సయినంక ఇంటర్వ్యూలని రెండుసార్లు హైదరాబాద్ పంపిన్రు. రెండుచోట్ల "ఫోన్ చేస్తం" అన్నరు, చేయలే. గప్పుడు రెండు బ్రాంచిలు చూసే మేనేజర్ సారు పిలిచి, "నువ్వు మంచిగ మాట్లాడ్తవ్. వనపర్తి బ్రాంచిల మనకు మనిషి కావాలె, చేరు" అన్నడు. ఇంట్ల ఖాళీగ కూసునుడు కంటే నయమని చేరిన. వారం తిరగకముందే ఆఫీసు గోడ మీద 'ఉద్యోగం సాధించిన మా విద్యార్థులు' అనే ఫ్లెక్సీల నా ఫొటో వచ్చింది. వచ్చినోళ్లు ఆ ఫొటోను, నన్ను మార్చి మార్చి చూసేటోళ్లు. "అవును, నేనే" అని నవ్వేదాన్ని. ఏ కంపెనీల ఉద్యోగం అని అడిగినోళ్లు తక్కువ.

ఆ తల్లీబిడ్డలు వచ్చింది పత్తిచేన్లల్ల కలుపు తీసే రోజులల్ల. పెద్దమందడి దిక్కు పల్లె వాళ్లది. తల్లికి నలభై ఏండ్లుంటయేమో. ఆ రోజు కూలి పోగొట్టుకొని వచ్చింది. పెనిమిటి పుణెల మేస్త్రీ కింద పని చేస్తడు, పండుగకో పబ్బానికో వస్తడు. బిడ్డ బీకాం పాసైంది. వాళ్ల కాలేజీల మేం సెమినార్ పెట్టినప్పుడు ఫోన్ నంబరు రాసిచ్చింది. దాన్ని పట్టుకొని మూడుసార్లు ఫోన్ చేసి పిలిచింది నేనే.

తల్లి కుర్చీల కూసోనంటే కూసోనన్నది. మస్తు బతిమాలితే అంచుకు కూసుంది. గోడ మీద నా ఫొటో చూసి బిడ్డను మోచేత్తో పొడిచి, "చూడు, గా అక్క తీరుగ కావాలె నువ్వు" అన్నది.

మేనేజర్ సారు ఫీజు చెప్పిండు. ఈ రేటు ఇయ్యాల్టి వరకేనని, రేపొస్తే తన చేతుల ఉండదని గూడ చెప్పిండు. ఆ మాట రోజూ చెప్పేదే.

"గంత పైసలు మాతాన ఏడియి సారూ?" అన్నది తల్లి.

"ఇప్పుడు ఎవరు కట్టమన్నరమ్మా? నెలనెలా కిస్తీ. బిడ్డకు నౌకరి వచ్చినంక ఆమెనే కట్టుకుంటది."

ఆమె సారును వదిలి నా దిక్కు తిరిగింది. ఆడపిల్లను గదా, నమ్మకం నా మీద పెట్టింది. "లోనా బిడ్డా?" అని అడిగింది.

"లోను కాదమ్మా. కిస్తీలు, అంతే."

ఆ మాట మాకు నేర్పిచ్చిన్రు. లోను అనే ముచ్చట మా నోట్లకెల్లి రావద్దు.

"మరి నడుమల మంచిగ లేదనుకో, బంద్ చేసుకోవచ్చా?"

"చేసుకోవచ్చమ్మా" అన్న.

అబద్ధం చెప్తున్ననని గప్పుడు అనుకోలే. అగ్రిమెంటుల రద్దు గురించి ఏడ్నో ఒక పేరా ఉన్నదని తెలుసు. అది నేనెన్నడూ చదవలే. నేను సంతకం పెట్టిన అగ్రిమెంటుల గూడ అదే పేరా ఉండె. అదీ చదవలే.

ట్యాబుల పన్నెండు పేజీల ఇంగ్లీషు. వేలుతోని పైకి తోసుకుంట పోయిన. నడుమ ట్యాబు తల్లి ఈమెయిల్ అడిగింది. ఆమెకు ఈమెయిల్ ఏడిది? నేనే కూసోని ఆమె పేరు, పుట్టిన ఏడాది కలిపి ఒకటి తయారు చేసిన. చేసిన్నని ఆమెకు చెప్పనన్న చెప్పలే. జర సేపటికి ఆమె చేతుల బటన్ల ఫోను కీమన్నది. "నాకు సదువు రాదు, నువ్వే చూడు బిడ్డా" అని ఫోను నా చేతికిచ్చింది. ఓటీపీ నేనే చదివిన, నేనే కొట్టిన. సంతకం అంటే అదే. అర నిమిషంల ఆమె పేరు మీద ఫైనాన్స్ కంపెనీ లోను పాసయింది. సాక్షి అన్న చోట నా పేరు పడ్డది. బిడ్డ టెన్త్, ఇంటర్, డిగ్రీ మెమోలు వెరిఫికేషన్‌కని తీసుకున్న. సారు వాటిని ఇనుప బీరువల పెట్టి తాళం వేసిండు. నౌకరిల చేరేటప్పుడు ఇచ్చిన నా ఒరిజినల్ మెమోలు గూడ అదే బీరువల ఉండె.

పోయేటప్పుడు ఆ తల్లి నా గదుమ పట్టుకొని, "సల్లగుండు బిడ్డా" అన్నది.

క్లాసులు ఐదో రోజు మొదలైనయి. క్లాసులంటే హైదరాబాద్ సారు ఎప్పుడో మాట్లాడి పెట్టిన వీడియోలు. ఎనిమిది కంప్యూటర్లల్ల మూడు నడిచేటియి, ఒక్కొక్కదాని ముందట నలుగురు. ఆ పిల్ల నాలుగు రోజులు నోట్సు రాసుకుంట శ్రద్ధగ కూసుంది. తొమ్మిదో రోజు పొద్దున్నే నా టేబుల్ కాడికి వచ్చింది.

"అక్కా, నాగర్‌కర్నూల్ల నాకు బీఈడీ సీటు వచ్చింది. నాకు టీచరే కావాలని ఉండె. ఈ కోర్సు బంద్ చేసుకుంట. నా మెమోలు ఇయ్యరా?"

ఆమె మొఖం చూస్తే సంతోషం అనిపిచ్చింది. సారు రాంగనే చెప్పిన. ఆయన అగ్రిమెంటు తీసి నా ముందట పెట్టిండు. నేను చదవని పేరా గప్పుడు చదివిన. రద్దు కావాలంటే సంతకం పెట్టిన ఏడు రోజుల లోపల్నే అడగాలె. రిజిస్టర్ చేసిన ఈమెయిల్ నుంచే పంపాలె. లేకుంటే ఫీజు మొత్తం కట్టాలె, కట్టేదాంక ఒరిజినల్స్ సంస్థ దగ్గర్నే ఉంటయి.

"సార్, క్లాసే ఐదో రోజు మొదలైంది గదా" అన్న.

"సంతకం ఎన్నడు పెట్టిన్రు? గది చూడు."

పిల్లకు చెప్తే, "మా అమ్మకు ఈమెయిల్ ఏడిది అక్కా?" అన్నది. ఉన్నదని చెప్పాల్సి వచ్చింది. అన్నం తినే టైముల ఇద్దరం రోడ్డు అవుతల నెట్ సెంటర్ల కూసున్నం. నేను పెట్టిన పాస్‌వర్డ్ యాదికి తెచ్చుకొని తెరిచిన. దాంట్ల మా కంపెనీవి, ఫైనాన్స్ వాళ్లవి పదకొండు మెయిళ్లున్నయి. ఆ అమ్మ పేరు మీద వచ్చినయి, ఆ అమ్మకు తెల్వనే తెల్వదు. రద్దు చేయమని రాసి పంపినం. రెండు రోజులకు జవాబొచ్చింది: గడువు దాటింది, దయచేసి కోర్సు కొనసాగించండి.

నాగర్‌కర్నూల్ కాలేజీకి ఆ పిల్ల జిరాక్సులు పట్టుకొని పోయింది. ఒరిజినల్స్ లేకుండ చేర్చుకునేది కాదన్నరు. ఏడిస్తే, ఇంకో మూడు రోజులు టైమిచ్చిన్రు.

మర్నాడు తల్లి ఒక్కతే వచ్చింది. కలుపు తీసే చేనికెల్లి సీదా వచ్చినట్టుంది, కొంగుకు మట్టి ఆరిపోయి ఉండె. ఈసారి కూసోమన్నా కూసోలే.

"బంద్ చేసుకోవచ్చని నువ్వే చెప్తివి గదా బిడ్డా?"

రూలని అన్న. మెయిల్ పంపినమన్న. హైదరాబాద్ వాళ్లు చూస్తరని అన్న. అవేవీ ఆమె అడిగినదానికి జవాబు కాదని నాకు తెలుసు.

"మేం పైసలు మాఫీ చేయమంటలేము. పొల్ల కాయితాలు పొల్లకియ్యండి. అవి నా బిడ్డయి గదా? మీయి కాదు గదా?"

సారు రూములకెల్లి రాలే. లోపటి నుంచే నాకు ఫోన్ చేసి, "నువ్వు తెచ్చిన కేసు, నువ్వే సముదాయించుకో" అన్నడు. ఆమె ఎవ్వరినీ తిట్టలే. బయట మెట్ల మీద పోయి కూసుంది. ఆ పొద్దు అడ్మిషన్లకు వచ్చినోళ్లు ఆమెను దాటుకుంటనే పైకి వచ్చిన్రు. వాళ్లకు నేను కోర్సు గురించి చెప్పిన. ఇద్దరు సంతకం గూడ పెట్టిన్రు.

పొద్దు గూకేటప్పుడు ఆమె బస్సుకని లేచిపోయింది. గప్పుడు సారు రూములకు పోయిన.

"సార్, పైసల ముచ్చట మీరు చూసుకోండి. మెమోలు మాత్రం ఇద్దాం సార్. పిల్ల సీటు పోతది."

ఆయన ఫోన్‌లకెల్లి తల ఎత్తలే. "ఇస్తే హెడ్డాఫీసు నన్నడుగుతది. నీయి గూడ నాతాననే ఉన్నయి, యాద్ పెట్టుకో" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. చెప్పులేసుకొని ఇంటికి గద్వాల బస్సెక్కిన.

ఆ మూడు రోజులల్ల నేను చేయగలిగింది చేసిన్ననే అనుకుంట, అదంతా ఎందుకూ పనికి రాలే. హెడ్డాఫీసుకు ఫోన్ చేస్తే మిషన్ మాట్లాడింది. వినియోగదారుల హెల్ప్‌లైనుకు బస్టాండుల నిలబడి చేసిన. ఒకామె ఓపికగ విని, అగ్రిమెంటు కాపీ పెట్టి ఫిర్యాదు చేయమన్నది. ఆఫీసు కాపీ సారు చేతుల ఉండె, తల్లికి ఫోనుల, ఈమెయిల్‌ల లింకే పోయింది. బటన్ల ఫోనుల అది తెరుచుకోదు, నేను తెరుస్తే గడువు ముగిసిందని వచ్చింది. మూడో రోజు సాయంత్రం దాంక పిల్ల నాకు ఫోన్ చేసుకుంటనే ఉంది. నాలుగో రోజు చేయలే.

వాన తగ్గి చలి మొదలయ్యే వరకు ఆ ఆఫీసు నడిచింది. ఒక సోమవారం పోయేసరికి బోర్డు లేదు, షట్టరుకు తాళం ఉంది. సారు ఫోన్ స్విచాఫ్. రెండు నెలల నా జీతం గూడ ఆయనతోనే పోయింది. ఐదారు రోజులకు బిల్డింగు ఓనరు తాళం పగలగొట్టిచ్చిండు. కంప్యూటర్లు లేవు. బీరువ తలుపు తెరిచి ఉంది, మెమోలన్నీ నేల మీద కుప్ప. తెలిసి వచ్చిన పిల్లలతోని కలిసి ఇరవై మందిమి ఆ కుప్ప మీద వంగి, ఒకరి కాయితాలు ఒకరు పక్కకు పెట్టుకుంట వెతికినం. ఆ పిల్లవి మూడూ ఒక్క కవర్లనే దొరికినయి. నాయి ఇంటర్ మెమో తప్ప దొరకలే.

ఆ కవరు పట్టుకొని వాళ్ల ఊరికి పోయిన. పిల్ల వాకిట్ల ఉంది. తీసుకొని, మూడున్నయో లేవో చూసుకొని లోపటికి పోయింది. మళ్ల బయటకు రాలే. ఇప్పుడు పెబ్బేరుల ఒక బట్టల షాపుల చేస్తుందని విన్న. వచ్చే ఏడు మళ్ల బీఈడీకి రాయమని తల్లి చెప్తే, "కాయితాలు ఎవ్వరికీ ఇయ్యను" అన్నదంట.

ఫైనాన్స్ వాళ్లు మాత్రం కిస్తీలు కట్టమని తల్లికి ఫోన్లు చేసుడు ఆపలే. కోర్సు బంద్ అయిందంటే, అది మీకు వాళ్లకు నడుమ ముచ్చట, లోను మీకు మాకు నడుమది అన్నరు. గప్పుడు ఆ తల్లిని తీసుకొని నేనే ఒక వకీలు దగ్గరికి పోయిన. ఆయన ఫైనాన్స్ వాళ్లు పంపిన లోను కాయితాలు చూసి, "సాక్షి ఎవరు?" అని అడిగిండు.

"నేనే సార్."

"ఏం చెప్పి సంతకం పెట్టిచ్చినవో రాసిస్తవా? రేపు నీ మీదికి గూడ రావచ్చు."

రాసిచ్చిన. లోను కాదని చెప్పిన్నని, బంద్ చేసుకోవచ్చని చెప్పిన్నని, ఓటీపీ నేనే కొట్టిన్నని రాసి సంతకం పెట్టిన. పాలమూరుల వినియోగదారుల కమిషన్‌ల కేసు వేసినం. కంపెనీకి పంపిన నోటీసు, ఆ అడ్రసుల ఎవ్వరూ లేరని తిరిగొచ్చింది. వాయిదా పడ్డది. మళ్ల పంపిన్రు, మళ్ల వాయిదా.

మొన్న మూడో వాయిదాకు పోయి ఇద్దరం గద్వాల బస్సుల తిరిగొస్తున్నం. ఆమె కొత్తకోటల దిగి ఆటో ఎక్కాలె. దారిల ఆమె నా దిక్కు చూడకుండ, కిటికీలకెల్లి చూసుకుంట అడిగింది.

"నీకు నిజంగ తెల్వకుండెనా బిడ్డా?"

ఇన్ని దినాలల్ల ఎవ్వరూ నన్ను గిట్ల అడగలే. తెల్వదని చెప్పబోయిన.

"సగం తెలుసమ్మా" అన్న.

కండక్టరు కొత్తకోట అని అరిచినంక ఆమె సంచి తీసుకొని లేచింది.

"ఆ సగమన్న చెప్పొద్దా మరి" అన్నది.

కోపం లేదు ఆ గొంతుల. కోపం ఉంటే నేను ఏమన్న అనేదాన్నేమో. దిగి, కొంగు సర్దుకొని, ఆటోల దిక్కు పోయింది. బస్సు కదిలింది.