మా నాయన సైకిలుకు పొట్టి చక్రాలు

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. నా అనుమానం కూడా దాని మీదే.

మా నాయన పాత సైకిలును కడపకు తీసుకుపోయి, పొట్టి చక్రాలు, లావు టైర్లు వేయించి, రంగు కొట్టించి తెచ్చింది.

"ఇది మా నాయన బండి కాదు. ఆ షాపోళ్ళు వేరే బండి అంటగట్టినారు."

"అదేలే అవ్వా. మన రాళ్ళ దారికి లావు టైర్లు కావాల. అవి పట్టాలంటే చక్రం చిన్నదుండాల."

"వాళ్ళు విప్పేటప్పుడు నువ్వు ఆడే ఉంటివా?"

అది బండిని నా ముందుకు జరిపింది.

మన ఈడు వాళ్ళకు గుర్తుందా? ఆదివారం చర్చి గోడకు ఆనించినవన్నీ ఒకే రకం నల్ల సైకిళ్ళు. అందుకని మా నాయన, మా గొర్రెల చెవులకు కోసే గుర్తునే, ముందు కడ్డీ అడుగున ఆకురాయితో రెండు గాట్లుగా పెట్టాడు. గొలుసుకు పూసిన ఆముదం వాసన పీలుస్తూ, ఆ కడ్డీ మీద కూర్చుని దారి పొడవునా వాటిని తడుముతుండేదాన్ని.

ఇప్పుడూ వంగి తడిమాను. కొత్త రంగు కింద రెండు గాట్లూ తగిలాయి. వేలు తీయబుద్ధి కాలేదు.

"ఇప్పుడన్నా నమ్ముతావా?"

"బండి మా నాయనదే. పాత చక్రాలు యాడ పెట్టినావో, తెచ్చి నా మంచం కింద పెట్టు. ఇది కూడా రాయి."