చుట్టలు బాపువి, అగ్గిపెట్టె చిన్నబాపుది

ఎల్లారెడ్డిలో మా ఇంటి దర్వాజ దాటగానే ఎడమచేతి గోడకు ఒక చెక్కపెట్టె ఉంటుంది. దర్వాజ చేయగా మిగిలిన టేకుముక్కతో మా తాత వడ్రంగి పని చేసే వడ్లాయన పక్కన కూర్చుని చేయించుకున్నాడట. మూరెడు పొడవు కూడా ఉండదు. పైన మూత లేని అర, అందులో చుట్టలు. కింద అగ్గిపెట్టె పట్టేంత గూడు. పక్కన ఒక గాడి, సగం కాల్చి ఆర్పిన చుట్టను నిలబెట్టుకోవడానికి. ఆ గాడి చుట్టూ గోడ నల్లబడి, ఎన్నిసార్లు సున్నం వేసినా మరక పైకి తేలేది. దసరాకు ఇల్లంతా ఓపిగ్గా సున్నం వేసే మా అమ్మ, ఆ జానెడు జాగా దగ్గరికి రాగానే తిట్లందుకునేది. అమ్మను నేను అవ్వ అనే పిలుస్తాను. నాన్న బాపు.

తాత పోయాక ఆ పెట్టె ఇద్దరు కొడుకులదీ అయింది. పెద్దవాడు మా బాపు, చిన్నవాడు చిన్నబాపు. చుట్టలు చుట్టడం బాపు పని. వారంవారం జరిగే అంగట్లో పొగాకు కట్ట తెచ్చి, నీళ్లు చిలకరించి, గోనెసంచి కప్పి ఉంచేవాడు. ఆకు మెత్తబడ్డాక అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే చుట్టి, తోకకు తెల్లదారంతో రెండు ముడులు వేసేవాడు. ఆ రెండో ముడి ఆయన సంతకం లాంటిది. చిన్నబాపుకు చుట్టడం చేతకాదు. ఆయన చుట్టినది నోట్లో పెట్టుకోగానే విచ్చుకుపోయేది, ఇల్లంతా నవ్వేది. అందుకని అగ్గిపెట్టె తెచ్చి పెట్టడం ఆయన వంతుకు వచ్చింది. ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు, అలా నడిచిపోయింది.

రెండువేల తొమ్మిది యాసంగిలో బోరు మోటారు కాలిపోయింది. ఇద్దరి మళ్లకూ ఒకటే బోరు. కాలినప్పుడు వంతు ఎవరిదన్న దగ్గర మొదలైన మాట, తాతల నాటి గట్ల దాకా పోయింది. గట్టు మీద పదిమంది చూస్తుండగా చిన్నబాపు నోరు జారాడు.

"కొడుకులు లేనోనికి ఇంత భూమెందుకు? ఎవలకు వెడ్తవ్?"

ఆయనకు ఇద్దరు కొడుకులు. బాపుకు నేనొక్కదాన్నే. అప్పటికి నేను పెళ్లయి కామారెడ్డిలో ఉంటున్నాను. అవ్వ ఫోన్లో ఆ మాట చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని అంగడి తిప్పిన మనిషి, నన్ను లెక్కలోంచే తీసేశాడు. బాపు మాత్రం ఆయన్ని తిరిగి ఒక్క మాట అనలేదట. తువ్వాల దులుపుకుని ఇంటికి వచ్చేశాడట. ఆ రోజు నుంచి అన్నదమ్ముల మధ్య మాటలు బందయ్యాయి.

తర్వాత పెద్దమనుషులు కూర్చుని పొలం, బర్లు, గడ్డివాము, ఇత్తడి బిందెలు అన్నీ పంచారు. వాకిలి నడుమ ఇటుక గోడ లేచింది. రోలు మాకు వచ్చింది, రోకలి వాళ్లకు పోయింది. ఆ తెలివి ఎవరిదో నేను అడగలేదు. దర్వాజ మటుకు ఉమ్మడిగా ఉంచారు, వెనక సందులోంచి వచ్చిపోవడానికి ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోలేదు గనుక. దర్వాజ పక్కనున్న పెట్టె సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆస్తి పాళ్లయ్యాక వచ్చిన మొదటి అంగడికి బాపు ఎప్పటిలాగే పొగాకు తెచ్చాడు, చుట్టలు చుట్టి పెట్టెలో పెట్టాడు. అందులోంచి చుట్టలు తగ్గుతూ వచ్చాయి. గూట్లో అగ్గిపెట్టె ఖాళీ అయ్యే వేళకు కొత్తది వచ్చి కూర్చుంది. ఒకరు దర్వాజ దగ్గర ఉన్నట్టు దగ్గు వినబడితే, ఇంకొకరు లోపలే ఆగి, ఆయన పోయాక వచ్చి వెలిగించుకునేవారు.

"మాటలకు పాళ్లయినయి గని పొగ మాత్రం ఇంక పొత్తులనే ఉన్నది," అని అవ్వ మూతి విరిచేది.

నేను ఒకసారి బాపును నిలదీశాను.

"గంత మాట అన్నోనికి నువ్వెందుకు చుడ్తున్నవ్ బాపు?"

"నాయిన పెట్టిచ్చిన పెట్టె బిడ్డా. ఖాళీగుంటె మంచిగుండదు," అన్నాడు. కాసేపు దారం చుట్టుకుంటూ కూర్చుని, "అగ్గిపెట్టె పెడ్తుండు గద వాడు," అన్నాడు.

తమ్ముడు తనను పూర్తిగా వదులుకోలేదని చెప్పుకోవడానికి ఆయనకు మిగిలింది ఆ అగ్గిపెట్టె ఒక్కటే. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అంత చిన్నదానితో తృప్తిపడే మనిషిని ఏమనాలి?

రెండువేల పన్నెండు వానాకాలంలో బాపుకు దగ్గు పట్టుకుంది. ఎప్పటి పొగదగ్గే అనుకున్నాం. మనిషి సగమయ్యాక కామారెడ్డికి తీసుకొచ్చి, మా ఆయనా నేనూ దవాఖానాలో చూపించాం. డాక్టరు ఛాతీ ఫిల్మును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. బాపును బయట కూర్చోబెట్టించి, అవ్వకూ నాకూ చెప్పాడు. ఊపిరితిత్తులు బాగా చెడిపోయాయని, చుట్ట ముట్టుకోవద్దని, అసలు ఇంట్లోనే చుట్టలూ అగ్గిపెట్టే కంటికి కనబడకూడదని. అవ్వ ఆ చివరి మాటను కొంగున కట్టుకుంది. బస్సులో ఎల్లారెడ్డి దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుందని బాపే తర్వాత చెప్పాడు.

బాపు చుట్ట మానేశాడు. ఆశ్చర్యమే, కానీ మానేశాడు. లోపలి అర్రలో మంచం వేశారు. దర్వాజ దాకా నడిస్తే ఆయాసం వచ్చేది, అందుకని నడక మంచానికీ పెరటికీ మధ్యే. కానీ అంగడి వచ్చినప్పుడల్లా అవ్వతో పొగాకు తెప్పించుకునేవాడు.

"నాకు గాదే. వానికి. నేను బందువెడితె వాడేం పాపం జేసిండు?"

మంచం మీద దిండుకు ఆనుకుని, నోటికి తువ్వాల కట్టుకుని చుట్టేవాడు. వేళ్లు వణికేవి, మధ్యలో దగ్గు తెరలు. అయినా తోకకు రెండు ముడులూ పడేవి. అయిపోయాక లెక్కబెట్టుకోకుండా అవ్వ చేతికి ఇచ్చేవాడు. అవ్వ కొంగులో వేసుకుని బయటికి పోయేది. నేను కామారెడ్డి నుంచి బస్సు దిగి వచ్చిన ప్రతిసారీ, ఇంకా చెప్పులు విడవకముందే అడిగేవాడు.

"గూట్ల అగ్గిపెట్టె ఉన్నదా సూసినవా బిడ్డా?"

చూసేదాన్ని. గూడు ఖాళీ. పై అరలోనూ ఒక్క చుట్ట ఉండేది కాదు. చుట్టలేమో ఊడ్చుకుపోతున్నాడు, ఒక్క అగ్గిపెట్టె పెట్టడానికి చేతులు రావడం లేదు ఆ మహానుభావుడికి, అనుకునేదాన్ని.

"లేదు బాపు."

"అంగడికి పోలేదు కావచ్చు," అనేవాడు. తర్వాత తర్వాత అలా అనడం కూడా మానేశాడు. "లేదు" అని నేనంటే, కళ్లు మూసుకునేవాడు.

ఒకనాడు తిరుగు ప్రయాణంలో ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర చిన్నబాపు కనిపించాడు. పాన్ డబ్బా ముందు నిలబడి దుకాణం చుట్ట కాలుస్తున్నాడు. మా చుట్టలు సరిపోవడం లేదు కాబోలు, అని మనసులో అనుకున్నాను. నన్ను చూసి చుట్ట వెనక్కి దాచాడు.

"అన్న ఎట్లున్నడు బిడ్డా?"

"వచ్చి సూడరాదు? నడుమ ఒక్క గోడేనాయె."

ఆయన ముఖం నల్లబడింది. "రమ్మన్నోళ్లుంటె వస్త," అన్నాడు. కామారెడ్డి బస్సు వచ్చింది, ఎక్కేశాను. నా కోపం తప్పని ఇప్పటికీ అనుకోను. గట్టు మీద ఆ మాట అన్నవాడు ఆయనే కదా.

రెండువేల పదమూడు చలికాలం వచ్చేసరికి బాపుకు మాట సన్నబడిపోయింది. నేను ఆయనతో చివరిగా మాట్లాడిన మధ్యాహ్నం, అగ్గిపెట్టె గురించి అడగకపోతే నేనే అన్నాను, ఇంకా పెట్టలేదని. నా గొంతులో కచ్చ ఆయనకు వినబడే ఉంటుంది.

"పెట్టకుంటె పెట్టకపాయె తియ్యి," అన్నాడు. "నా చుట్ట ఐతె వద్దనలేదు గద. తాగుతుండు. సాలు."

అవ్వ అక్కడే, మంచం కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. లేచి పెరట్లోకి పోయింది.

బాపు పోయిన రోజు వాకిట్లో నిలబడ్డ మగవాళ్లందరూ ఒకే మాట గుసగుసగా అనుకుంటున్నారు: అగ్గి పట్టేదెవరు? కొడుకు లేడు. అల్లుడా, దాయాదులైన పాలోళ్లలో ఒకరా? నేను పడతానంటే ఒక పెద్దాయన నా వైపు చూడకుండానే, "ఆడిబిడ్డెవు, ఊకో," అన్నాడు. కొడుకులు లేనోడు అన్న పాత మాట ఆ వాకిట్లో మళ్లీ వచ్చి నిలబడింది. అప్పుడు నడుమ గోడ అవతలి నుంచి చిన్నబాపు వచ్చాడు. తలస్నానం చేసి, తడిబట్టలతో. ఎవరినీ అడగలేదు, ఎవరి ముఖమూ చూడలేదు. వంగి అగ్గికుండ ఎత్తుకున్నాడు.

దర్వాజ దాటేటప్పుడు పెట్టె ముందు ఒక్క క్షణం ఆగాడు. "కొడుకులు లేరంటిని గదనే అన్నా," అని పెద్దగా ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. ఇన్నేళ్లు గోడవతల కూర్చుని ఇప్పుడా, అనిపించింది.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి పొలం దగ్గర పిట్టలకు ఉంచడం మా దిక్కు ఆనవాయితీ. అవ్వ అన్నం, కూర, గారెలు గిన్నెల్లో సర్దుతోంది. చిన్నబాపు అరుగు దగ్గర నిలబడి చూస్తూ, "అన్నకు చుట్ట లేకుంటె ఎట్ల వదినె? దుకాన్ల తెస్త, ఆగుండ్రి," అని బయలుదేరాడు.

"ఆగు," అంది అవ్వ.

లోపలికి పోయింది. వడ్లు పోసే గుమ్మి మూత తీసిన చప్పుడు వినబడింది. పాతచీర ముక్కలో కట్టిన పెద్ద మూట ఒకటి తెచ్చి, చిన్నబాపు కాళ్ల ముందు పెట్టి ముడి విప్పింది. చుట్టలు. ఏడాదిపైగా బాపు మంచం మీద చుట్టినవన్నీ. ఎండిపోయి, కొన్ని పొట్టుపొట్టయి. అన్నిటికీ తోకన రెండు ముడులు.

చిన్నబాపు ఒకటి తీసి ముడిని వేలితో తడిమాడు. "అన్న చేసినయే. ఎవలకు?"

"నీకే. నీకని చేసి పెట్టెల వెట్టమని నా చేతికిచ్చిండు. నేను వెట్టలే." అవ్వ ఆయన వైపు చూడలేదు, మూట వైపే చూస్తూ చెప్పింది. "ఇంట్ల కంటికి కనవడొద్దన్నడు డాక్టరు. లేసిపోయి తాగుతడేమోనని భయం. నీ మీద కోపం గూడ ఉండె, అబద్ధమెందుకు."

"నేను రెండుసార్లు కొత్త అగ్గిపెట్టె వెట్టిన వదినె. తెల్లారి సూస్తె లేదు. నా అగ్గి గూడ వద్దనుకున్నడు అన్న, అనుకున్న."

"నేనే తీసిన. పొయ్యి ముట్టిచ్చిన."

నేను గూడు చూసి "లేదు బాపు" అన్న రోజులన్నీ నా కళ్ల ముందు తిరిగాయి. ఆ అగ్గిపుల్లలతో వెలిగించిన పొయ్యి మీద చాయే నేను తాగి, మళ్లీ బస్సెక్కి పోయేదాన్ని.

చిన్నబాపు చేతిలోని చుట్టను చూస్తూ అడిగాడు. "అంటే, అన్ని నేను తాగుతున్న అనుకునే పోయిండా?"

"అనుకునే పోయిండు. తాగుతుండు, సాలు అన్నడు."

ఆయన అలాగే నేల మీద కూలబడ్డాడు. ఆ ఏడుపు చూసినప్పుడు మాత్రం నాకు కోపం మిగల్లేదు.

పొలం దగ్గర విస్తరిలో పెట్టే చుట్టను ఆయనే వెలిగించాడు. ఎండిన ఆకు, ఒక్క పుల్లకే భగ్గుమంది, దారం కాలి విచ్చుకుపోయింది. ఇంకొకటి తీసుకుని మెల్లగా వెలిగించాడు. మిగిలిన చుట్టలను పొలం నుంచి వచ్చాక పెట్టె పై అరలో పట్టినన్ని పేర్చాడు, కింద గూట్లో తన జేబులోని అగ్గిపెట్టె పెట్టాడు. తనవే కదా తీసుకుపొమ్మంటే వినలేదు. ఈడ ఉంటెనే అన్న ఇచ్చినట్టు, అన్నాడు. వాటిని ఆయన తాగలేదు, ఇంకెవరూ తాగలేదు.

తెలంగాణ వచ్చిన ఏడాది, ముసురు పట్టిన వారం తర్వాత ఎల్లారెడ్డి వెళ్లాను. ఎండ వచ్చిందని అవ్వ పెట్టెలోని ఆ చుట్టలన్నిటినీ చాటలో పోసుకుని వాకిట్లో కూర్చుని ఉంది. బూజు పట్టినవాటిని ఒక్కొక్కటే కొంగుతో తుడుస్తోంది. ఒకప్పుడు ఒక్క చుట్ట ఇంట్లో కనబడితే వణికిపోయిన మనిషి.

"ఎవలు తాగుతరే ఇవి? పారెయ్యరాదు?" అన్నాను.

అవ్వ తల ఎత్తలేదు. ఒక చుట్టకు దారం వదులైంది, దాన్ని బిగిస్తోంది.

"అందియ్యమని ఇచ్చిండు బిడ్డా. నేను అందియ్యలే," అంది.

ఎండ గోడ మీదికి ఎక్కేదాకా అక్కడే కూర్చుని, అన్నీ ఆరాక తీసుకుపోయి పెట్టెలో పెట్టింది.