నీళ్ళు చల్లిన షెడ్డు

తోటలో షెడ్డు వేసుకోవాలనుకునేవాళ్ళు ఇప్పుడు నన్ను అడగడానికి వస్తున్నారు, నేనేదో షెడ్లలో పండిపోయినదాన్ని అన్నట్టు. ఒక్క ఎకరం తోటలో రెండు షెడ్లు వేసినదాన్ని మా బూదికోట పక్కన నేనొక్కదాన్నే మరి. జింకు రేకులు మేలా, బోదగడ్డి కప్పు మేలా, ఎత్తు ఎంత పెట్టాలి, వాకిలి ఏ దిక్కుకు అని అడుగుతారు. దేనికి వేస్తున్నారు అని నేను తిరిగి అడుగుతాను. సామాన్లు పెట్టుకోవడానికి అంటారు. అందరూ అదే అంటారు. నేనూ అదే అన్నాను.

మా ఆయన కోలారు బంగారు గనుల్లో పాతికేళ్ళు మిషను పట్టాడు. మిషను అంటే రాతికి తూట్లు వేసే డ్రిల్లు. గనులు సర్కారు చేతికి వచ్చాక చేరిన మనిషి కాబట్టి, సర్కారు ఉద్యోగం అని మా నాయన మురిసిపోయి నన్నిచ్చాడు. ఆ మురిపెం గనివాళ్ళకిచ్చే లైను ఇంట్లో అడుగు పెట్టిన రోజే సగం తీరింది నాకు. పది అడుగుల గది. అందులోనే పొయ్యి, అందులోనే పడక, అందులోనే మూలకు స్నానం. ముగ్గురు పిల్లల్ని ఆ గదిలోనే కని పెంచాను. అలవాటైపోయింది. అలవాటు కానిదేముంది!

గనుల్లో బంగారం తగ్గిపోయిందని, ఇష్టమున్నవాళ్ళు ముందే పని మానుకోవచ్చని చెప్పిన ఏడాదే ఆయన వచ్చేశాడు. ఇష్టం పాడుగాను, ఇష్టం కాదు. గనిలో నిచ్చెన ఎక్కలేకపోయాడు. ఊపిరితిత్తుల్లో రాతి ధూళి చేరింది. లైన్లలో దాన్ని ఎవరూ జబ్బు అనరు, డస్టు అంటారు. ఫలానా ఆయనకు డస్టు అంటే చాలు, మిగతాది ఎవరూ అడగరు. పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ స్థిరపడ్డారు. మా నాయన పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం నేల ఉంటే, దాన్ని నమ్ముకుని ఇద్దరం మా పుట్టింటి ఊరికి చేరాం.

తోట ఊరికి అల్లంత దూరం. టమోటా పెట్టాను, గట్ల మీద కనకాంబరాలు, వానకు ఒక మడి రాగి. పనంతా నాదే. ఆయన్ని ఇంట్లో పడుకోమంటే వినడు.

"ఇంట్లో పడుకుంటే నా ఊపిరి నాకే ఇనపడతాది. నీ ఎంబడి వస్తా మే" అనేవాడు. నన్ను ఎప్పుడూ మే అనే పిలిచేవాడు.

రానీ, కానీ వచ్చి ఎక్కడ కూర్చుంటాడు? తోట మూలన ఒక కానుగ చెట్టుంది. ఎండకు సరే, వానకు? గాలికి? రోడ్డు మీద బండి పోతే లేచే మన్నుకు? ఆయనకు దగ్గు తెర వస్తే పట్టుకుని కూర్చోబెట్టడానికి నాలుగు గోడల లాంటిది ఏదో ఒకటి కావాలి. షెడ్డు నాకు కావలసింది నిజానికి అందుకు. ఆయన నా కళ్ళెదుట ఉండాలి, ఉన్నంతసేపూ ఊపిరి ఆడాలి. ఆ మాట ఎవరితోనూ అనలేదు. మొగుణ్ణి పెట్టుకోవడానికి షెడ్డు అంటే నవ్వరూ?

మా తమ్ముడు రాతి కూసాలు స్తంభాల్లా పాతి పైన బండలు పరిచేద్దాం, మనవళ్ళ దాకా ఉంటుంది అన్నాడు. మా వైపు బండలకు కొరత లేదు. మా ఆయన వెంటనే అడ్డం పడ్డాడు.

"నెత్తిన రాయి పెట్టుకుని పాతికేండ్లు ఉండినాను. ఇంగ చాలు బామ్మర్దీ."

బోద కప్పిద్దామంటే ఎలుకలు, నిప్పు భయం. పైగా మందు కొట్టే స్ప్రేయరు, పారలు అందులో పెడితే తెల్లారేసరికి ఉండవు. తాళం పడాలి. అలా తిరిగి తిరిగి జింకు రేకుల దగ్గరికి వచ్చాను. బంగారుపేట నుంచి రేకుల మేస్త్రీ వచ్చి టేపు పట్టుకుని నిలబడ్డాడు.

"దేనికమ్మా షెడ్డు? మనిషి కూసునేదానికా, సామానుకా?"

"రెండిటికీ" అన్నాను.

"రెండిటికీ ఒకటే అయితే సరిపోదమ్మా. గాలి కావాల్నంటే తాళం ఉండదు, తాళం కావాల్నంటే గాలి ఉండదు."

"పది అడుగుల గదిలో కాపురం చేసి ముగ్గురు పిల్లల్ని పెంచినాను. ఒక మనిషికీ నాలుగు మూటలకీ సరిపోదా? నువ్వు వెయ్యప్పా."

వేసి వెళ్ళిపోయాడు. మేస్త్రీ తప్పేం లేదు. పది అడుగులకు పది, చుట్టూ రేకులు, ఒకటే వాకిలి. ఎవరూ చెప్పకుండానే ఆ కొలత నా నోటికి వచ్చింది. లైన్లలో బతికినవాళ్ళకు ఇంకో కొలత తెలియదు. ఒక గోడకు మంచం, ఇంకో గోడకు ఎరువు మూటలు, పురుగుల మందు పొడి, సున్నం డబ్బా, రాగుల సంచి, స్ప్రేయరు. అంతా సర్ది బయటికొచ్చి చూసుకుని, అబ్బ, ఎంత బాగుందో అనుకున్నాను కూడా. నా తెలివికి దండం పెట్టాలి.

మార్చి వచ్చేసరికి తెలిసింది. పొద్దున తొమ్మిదికే రేకులు మాడుతున్నాయి. పది కొట్టేసరికి ఆయన మంచం వదిలి వాకిట్లో నీడపట్టులో కూర్చునేవాడు. నీడ జరిగితే ఆయనా జరిగేవాడు. నడినెత్తిన ఎండకు నీడే ఉండదు. నేను టమోటా కోసుకుంటూ ప్రతి సాలు చివర తలెత్తి, ఏ గోడకు ఉన్నాడో చూసుకునేదాన్ని. నడుము పట్టేసేది. కోత, మోత, నీళ్ళు కట్టడం, మధ్యలో ఈ చూపు. రోజూ ఇంటికి పోయేసరికి తల ప్రాణం తోకకు వచ్చేది.

దానికి తోడు నీళ్ళ గొడవ మొదలైంది. నేను షెడ్డులో ఏ మూట మీద చెయ్యి వేసినా ఆయన చెంబు పట్టుకుని వచ్చేవాడు. ముందు నేల మీద చల్లాడు. చల్లదనానికి కాబోలు అనుకున్నాను. తర్వాత మూటల మీద చల్లాడు. ఊడ్చుదామని చీపురు పడితే చీపురు మీద కూడా చల్లాడు. వారం తిరిగేసరికి యూరియా మూట రాయి కట్టింది. మందు పొడి ముద్దయింది. రాగుల సంచి విప్పితే మొలకలు.

"రాగులు మొలకెత్తినాయి సూడు, నీ పుణ్యమా అని!"

"మొలకల రాగులు బలము కదా" అన్నాడు, నవ్వు దాచుకుంటూ.

"బలమా! విత్తనానికి పెట్టుకున్న రాగులయ్యా అవి! ఎందుకు సల్లుతావు ఊరికే?"

"ధూళి లేస్తాది."

ఎన్నిసార్లు అడిగినా ఆ రెండు మాటలే. తిట్టాను. బతిమాలాను. చెంబు దాచిపెట్టాను. కొబ్బరి చిప్పతో తెచ్చి చల్లాడు. ఊళ్ళో వాళ్ళు చూసి గనుల్లో బుర్ర కూడా అరిగిపోయినట్టుంది పాపం అన్నారు. నాకూ అదే అనుమానం వచ్చింది.

ఒక రోజు టమోటాకు పురుగు పట్టింది. పొడి చల్లక తప్పదు. కొత్త సంచి, ముందు రోజే తమ్ముడు తెచ్చిచ్చాడు. దాని మూతి విప్పుతుండగానే ఆయన వచ్చి చెంబెడు నీళ్ళూ అందులో కుమ్మరించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికి వచ్చింది అనేశాను.

"ఎందుకయ్యా నీకింత భయం? ఇంగ నీ లోపల చోటు యాడుండాది, కొత్తగా ధూళి పోయేదానికి?"

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఏం లాభం? ఆయన చెంబు కింద పెట్టాడు. గోడ పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. ఊపిరి కుదుటపడేదాకా ఆగాడు.

"నాకు లేదు. నీకుండాది" అన్నాడు. "నాది నిండిపోయింది మే. నీది బాగుండాది. దానికోసరమే సల్లుతా ఉండేది."

ఆయనే మెల్లగా, రెండేసి మాటలకు ఆగుతూ చెప్పాడు. పాతికేళ్ళలో ఆయన నాతో గని లోపలి సంగతి అంతసేపు చెప్పడం అదే మొదలు. గనిలో పగలగొట్టిన రాతిని మక్కు అంటారు. మక్కును తడపకుండా ఎత్తకూడదు. మిషనుకు కూడా నీళ్ళ గొట్టం ఉంటుంది, తూటు వేస్తున్నంతసేపూ నీళ్ళు కొడుతూ ఉంటే ధూళి బురదై కారిపోతుంది.

"ఆ బురద మొగమంతా కొట్టేది. సలి. బట్టలన్నీ తడిసేవి. వయసులో ఉండినా కదా, ఇసుగు. ఎవురూ సూడనప్పుడు కొళాయి కట్టేసేవాణ్ణి. ఎవురో సేసింది కాదు మే ఇది. నేనే కట్టేసుకున్నా."

ఏడుపు వచ్చింది నాకు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన మాత్రం ఇంక ఆ మాట ఎత్తలేదు. సంచి ఎండబెట్టుకో, పనికొస్తాదేమో అన్నాడు.

రెండో షెడ్డు ఆ తర్వాత వేసిందే. అదే మేస్త్రీని పిలవడానికి సిగ్గేసి తమ్ముడి చేతనే వేయించాను. కానుగ నీడలో, రేకుల షెడ్డుకు ఇరవై అడుగుల దూరంలో. రాతి కూసాలు నాలుగు, పైన బోద. రోడ్డు వైపు మాత్రం తడిక కట్టి, మూడు వైపులా వదిలేశాను. నిలబడి చెయ్యెత్తినా కప్పు తగలనంత ఎత్తు పెట్టమన్నాను. ఆషాఢంలో పడమటి గాలి ఎలా తోస్తుందో ముందు ఏడాది గుర్తు పెట్టుకుని మంచం తల ఎటు ఉండాలో చూసి మరీ వేయించాను. ఈసారి అడిగినవాళ్ళందరికీ గొంతెత్తి చెప్పాను, మా ఆయన కూర్చోవడానికి అని. నవ్వారు. ఎకరానికి రెండు మేడలా అక్కా అన్నారు. నవ్వుకుంటే నవ్వుకోనీ అనుకున్నాను.

అందులో ఆయనకు ఊపిరి ఆడింది. అది నా కళ్ళతో చూశాను. దగ్గు పోలేదు గానీ, దగ్గుకూ దగ్గుకూ మధ్య కాస్త కునుకు పట్టేది. కానీ నీళ్ళు మానలేదు. రేకుల షెడ్డు తలుపు తెరుచుకుంటే చాలు, చెంబు పట్టుకుని లేచేవాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మూటలన్నీ రాళ్ళ మీదికి ఎత్తి పెట్టాను. నీళ్ళు నేలకే చల్లాలి, మూటలకు కాదు. నేను తడి తుండు ముక్కుకు కట్టుకోవాలి. ఆ ముడి ఆయనే వేసేవాడు, గట్టిగా, జుట్టు పీకేటట్టు.

ఆ ఇరవై అడుగుల నడకకు మొదట్లో రెండు నిమిషాలు పట్టేది. తర్వాత అయిదు. తర్వాత మధ్యలో ఒక రాయి వేశాను, కూర్చుని లేవడానికి. నేను తలుపు తీసి పట్టుకుని, ఆయన వచ్చేదాకా నిలబడేదాన్ని. పని అక్కడికక్కడే. అబద్ధమెందుకు చెప్పాలి, ప్రేమగా ఏం నిలబడలేదు. విసుక్కుంటూ నిలబడ్డాను. ఎప్పుడు తెములుతాడా అనుకున్న రోజులున్నాయి. అలిసిపోయిన మనిషికి ఏ ఆలోచన వచ్చేదీ తన చేతుల్లో ఉండదు.

ఆయన పోవడానికి నాలుగు రోజుల ముందు లేవలేకపోయాడు. ఇంట్లో ఉండమన్నా ఉండలేదు, మా తమ్ముడు ఎడ్లబండి మీద తెచ్చి మంచం మీద దించి పోయాడు. కోసిన టమోటాలు బుట్టల్లో ఉన్నాయి, మండీ బండి రోడ్డు మీద హారన్ కొడుతోంది. మిగిలిన సాళ్ళకు పొడి చల్లేసి పోదామని ఒక్క ఉరుకున రేకుల షెడ్డు తలుపు తీసి మూట మీద చెయ్యి వేశాను.

"నీళ్ళు సల్లినావా?" కానుగ కింద నుంచి ఆయన గొంతు.

"సల్లినా" అని అరిచాను. చల్లలేదు.

మూట విప్పుతున్నాను.

"సప్పుడు రాలేదే?"

మిషను పట్టినవాళ్ళకు చెవులు సగమే. ఆయనకు నా అరుపే సరిగా వినపడదు, నేల మీద చల్లిన నీళ్ళ చప్పుడు ఎక్కడ వినపడుతుంది? వినపడదని ఆయనకూ తెలుసు. అయినా అంత దూరం నుంచి చెవి ఒగ్గి పడుకున్నాడు. బండి మళ్ళీ హారన్ కొట్టింది. నేను మూట వదిలేశాను. బిందెలో చెంబు ముంచి నేల మీద చల్లాను.

"రాలేదు మే" అన్నాడు.

ఇంకో చెంబు గట్టిగా విసిరాను. ఊహూఁ. కళ్ళు కనపడడం లేదు నాకు. బిందెలో మిగిలిన నీళ్ళన్నీ ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి రేకుల గోడకేసి కొట్టాను. షెడ్డంతా దద్దరిల్లింది. మూటలు తడిశాయి, నేనూ తడిశాను.

"ఆఁ. ఇంగ ఎత్తు" అన్నాడు.

తడి తుండు ముక్కుకు నేనే కట్టుకుని, మూట ఎత్తాను.