సార్ ఇచ్చేసిన ప్రశ్న

మా సీనియర్ వకీలు సార్ నిద్రలోనే పోయారని ఆదివారం పొద్దున గుమస్తా ఫోన్ చేసి చెప్పాడు. ముందు నాకు కోపం వచ్చింది. చెప్పాపెట్టకుండా కేసు మధ్యలో వదిలిపోయే మనిషి కాదాయన. తాండూరు నుంచి దొరికిన బస్సు పట్టుకుని వికారాబాద్‌లో వాళ్ల ఇంటికి చేరేసరికి వాకిలంతా జనం.

ఆ జనంలో దోమ అనే ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె కొడుకు డ్రైవర్. పనిచేసిన ఇంట్లో నగలు పోతే వాడి మీద కేసు పెట్టారు. జామీను నిలబడే దిక్కు లేక జైల్లోనే ఉన్నాడు.

"మంగళారం నా కొడుకు వాయిదా ఉంది బిడ్డా. సార్ ఉన్నడని ఫికర్ లేకుంట ఉంటి. ఇగ మాకెవరు?" అని అడిగింది.

శవం వాకిట్లో ఉండగా ఇదేం ప్రశ్నని పక్కవాళ్లు ఆమెను కసురుకున్నారు. నాకు మాత్రం ఆ రోజు ఆ వాకిట్లో అడగాల్సిన మాట అడిగింది ఆమె ఒక్కతే అనిపించింది. సార్ లేచి ఉంటే ఆయనా ముందు అదే అడిగేవారు. నేనే చూస్తానని ఆమెతో అన్నాను గానీ, ఒక్క కేసు చూస్తే సరిపోతుందా? ఇలా ఆయన్ని నమ్ముకున్నవాళ్లు ఈ జిల్లా అంతటా ఉన్నారు. వాళ్లందరికీ ఇక ఎవరు అన్న దిగులు నన్నూ పట్టుకుంది.

సార్ పుట్టింది బషీరాబాద్ దగ్గర, వ్యవసాయం ఇంట్లో. తెలుగు, కన్నడ, దక్కనీ ఉర్దూ మూడూ నోట్లో ఆడేవి. అన్నింట్లోనూ ఒకేలా వెటకారం చేసేవారు. హైకోర్టుకు పొమ్మని తోటివాళ్లు చెప్పి చెప్పి అలసిపోయారు. "ఆడ కాయితాలతోటి మాట్లాడాలె. నాకు మనుషులతోటి మాట్లాడుడు ఇష్టం" అనేవారు. ఇల్లు గడవడానికి భూమి కేసులు చేసేవారు. మనసు మాత్రం సాక్షి బోనెక్కే కేసుల్లోనే ఉండేది.

కోర్టుకు వచ్చిన కక్షిదారును ఆయన మొదట అడిగేది కేసు గురించి కాదు. "తిన్నరా?" అనే. తినలేదంటే బయట బండి దగ్గరికి తీసుకెళ్లి ఇడ్లీ పెట్టించి మరీ లోపలికి తెచ్చేవారు. "కడుపు కాలితే అబద్ధమే సక్కగ రాదు, ఇగ నిజమేడ వస్తది?" అని సామెతలా చెప్పేవారు. ఫీజు ఇచ్చుకోలేనివాళ్లు సంచిలో కందులు పోసుకుని తెస్తే, అవి సాయంత్రానికల్లా జూనియర్ల ఇళ్లకు చేరిపోయేవి. మా ఇంట్లో పప్పు ఎన్నడూ కొన్న గుర్తు లేదు.

సరే, ఇడ్లీలు, కందులు మంచి మనసున్నవాళ్లు ఎవరైనా ఇస్తారు. ఆయన నాకిచ్చింది మాత్రం ఏ సీనియరూ ఇవ్వడు. వాయిదా అడిగే పని ఇస్తారు, ఫైళ్లు మోసే పని ఇస్తారు. కేసు గెలిపించే ప్రశ్న చేతికొస్తే దాన్ని ఎవరైనా ఇంకొకరికి ఇస్తారా?

నేను ఆయన దగ్గర చేరిన కొత్తలో ఒక హత్య కేసు వచ్చింది. ముద్దాయి తాండూరులో బండలు పాలిష్ చేసే కూలీ. అక్కడి మేస్త్రీని చంపాడని కేసు. సాక్ష్యమంతా ఒక్క మాట మీద నిలబడింది. పక్క మిషన్ మీద పనిచేసే మనిషి, "నిన్ను సంపుత" అని ముద్దాయి మేస్త్రీ మీద అరవగా తాను తన మిషన్ దగ్గరే నిలబడి విన్నానని చెప్పాడు.

ఆ వాంగ్మూలం చదువుతూ నేను నవ్వేశాను. ఎందుకని సార్ అడిగారు.

"మిషన్ నడుస్తుంటే పక్కనోడు చెవుల అరిచినా వినపడదు సార్. మా అబ్బా గా మిషన్ మీదనే పనిచేసి చెవులు పోగొట్టుకున్నడు" అన్నాను. అబ్బా అంటే మా నాన్న.

ఆయన కళ్లద్దాలు తీసి నా వైపు చూశారు. తెల్లారి కోర్టు వరండాలో, ఆ సాక్షిని క్రాస్ చేసేది తాను కాదు, నేనని ముద్దాయి భార్యకు చెప్పేశారు. నాకూ అప్పుడే తెలిసింది. ఆమె బావురుమంది.

"సార్, మీరే అడుగుండ్రి. నిన్న మొన్న వచ్చిన పిల్లతోటి ఏమైతది? నా ఇల్లు ఆగమైతది."

"నీ ఇల్లు నిలబడాల్ననే గీ పిల్లను పంపుతున్న. నేను పక్కనే ఉంట" అన్నారాయన.

సాక్షి బోనులో దర్జాగా నిలబడ్డాడు. ఆ పొద్దు మిషన్లు నడుస్తున్నాయా అని అడిగాను. నడుస్తున్నాయన్నాడు.

"మిషన్ నడుస్తున్నప్పుడు నీకు నీళ్లు కావాలంటే అవతలోనికి ఎట్ల చెప్తవన్నా?"

అతను ఆలోచించకుండా బొటనవేలు నోటి వైపు ఎత్తి చూపించాడు.

"నోటితోని చెప్పవా?"

"ఏం మాట్లాడ్తవమ్మా! గా చప్పుడుల ఎవనికి ఇనబడ్తది?"

జడ్జిగారు రాయడం ఆపి తలెత్తారు. మరి ఆ బెదిరింపు నీకెట్ల వినబడ్డదన్న ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. సార్ వెనక నుంచి నా గౌను పట్టి లాగారు. "కూసో" అన్నారు మెల్లగా.

"గా ప్రశ్న జడ్జిగారినే అడుక్కోనియ్యాలె. మనం అడిగితే సాక్షి ఏదో ఒక సాకు దొరకబట్టుకుంటడు" అని బయటికొచ్చాక చెప్పారు. మరి నేను చెప్పినదే కదా, మీరే అడిగి ఉండొచ్చు కదా అన్నాను. "నువ్వు చెప్పినంక నాకు గూడ తెల్సు. కాని గా ప్రశ్న నాది కాదు గద బిడ్డా" అన్నారు.

కేసు కొట్టేశారు. ముద్దాయి భార్య నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది. ఆ సాయంత్రమే సార్ రైలెక్కి తాండూరులో మా గల్లీకి వచ్చారు, అబ్బాకు స్వయంగా చెప్పాలని. అబ్బాకు మామూలుగా చెబితే వినపడదు. అందుకని మా గుమ్మంలో నిలబడి గొంతెత్తి మొదలుపెట్టారు. "భాయ్! నీ బిడ్డ గీ పొద్దు సాక్షిని పడగొట్టింది!" అని నా ప్రశ్నలు, వాడి జవాబులు అన్నీ నటించి చూపించారు. గల్లీ అంతా తలుపులు తీసుకుని వచ్చింది. అబ్బాకు అర్థమయ్యేసరికి ఊరందరికీ తెలిసిపోయింది. నా పెళ్లిలో కూడా మా ఇంటి ముందు అంతమంది చేరలేదు.

అలా ఇచ్చేయడం ఆయనకు అలవాటు. నాకొక్కదానికే ఇచ్చారని చాలాకాలం మురిసిపోయాను. మిగతా జూనియర్లూ అలాగే మురుస్తున్నారని తర్వాత తెలిసి కొంచెం కుళ్లుకున్నాను కూడా.

సోమవారం ఆయన గౌరవార్థం కోర్టు పనులు జరగలేదు. మంగళవారం వికారాబాద్ కోర్టులో దోమ కుర్రాడి కేసు పిలిచారు. పోలీసులు వాణ్ని బోనులో నిలబెట్టారు. పెద్దమ్మ వెనక బెంచీ చివర కూర్చుంది.

"ముద్దాయి తరఫున ఎవరు?" అని జడ్జిగారు అడిగారు.

నేను లేచి నిలబడ్డాను. నా వెనక గౌన్ల చప్పుడైంది. తిరిగి చూస్తే పరిగి నుంచి వచ్చిన ఆయన పాత జూనియర్లు, తాండూరువాళ్లు, మొన్ననే చేరిన పిల్లలు, ఆయన చేతిలో ఎన్నోసార్లు ఓడి రిటైరైన ప్రభుత్వ వకీలు, అందరూ లేచి ఉన్నారు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి, నవ్వూ వచ్చింది.

"ఒక్కరు చాలు, మిగతావాళ్లు కూర్చోండి" అన్నారు జడ్జిగారు.

పక్కవాళ్లు కూర్చుంటారేమోనని ఒకరినొకరు చూసుకుంటూ అందరం అలాగే నిలబడ్డాం. ఇంతమంది లేచారంటే తానూ లేవాలేమో అనుకుని, వెనక బెంచీ దగ్గర పెద్దమ్మ కూడా కొంగు సర్దుకుని, కొడుకు వైపు చూస్తూ లేచి నిలబడింది.