ఆనందమ్మ కట్ట, పద్నాలుగో షరతు

ఆనందమ్మ ఇంటి ముందున్న కట్టను వారం రోజుల్లో పడగొట్టాలని నోటీసు వచ్చింది. పొద్దున్నే పాలప్యాకెట్ పక్కన గేటు సందులో దోపి పోయారు. కాగితం మాత్రం పెళ్ళిపత్రిక అంత మందం. పైన బంగారు రంగులో ‘రాయల్ గ్రీన్ రెసిడెన్సీ నివాసుల సంఘం’ అని అచ్చు. రాయచూరు నుంచి చిక్కసూగూరు వైపు పోయే దారిలో, నిన్నమొన్నటి దాకా జొన్నచేనుగా ఉన్న నేలకు పెట్టిన పేరది. రాయల్ సంగతి అలా ఉంచి గ్రీన్ కోసం వెతికితే, సంఘం అధ్యక్షుడి బాల్కనీకి అంటించిన ప్లాస్టిక్ గడ్డి ఒక్కటే కనిపిస్తుంది.

కట్ట అంటే అరుగు. ఇక్కడి తెలుగువాళ్ళు కట్ట అంటారు, కన్నడం మాట్లాడేవాళ్ళు కట్టి అంటారు. ఆనందమ్మ కట్ట ఏడడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు, పైన షాబాదు బండ. అంతా ఆమె స్థలంలోనే, గేటుకు ఇవతలే. ఇల్లు తూర్పు ముఖం కాబట్టి మధ్యాహ్నం దాటితే ఆ బండ మీద నీడ పడుతుంది. ఆ నలభై ఇళ్ళ కాలనీ మొత్తంలో పరాయి మనిషి కూర్చోగల నీడ అదొక్కటే. పార్కులో నాలుగు బెంచీలున్నాయి, ‘నివాసులకు మాత్రమే’ అని బోర్డు కూడా ఉంది. నివాసులు ఏసీ గదులు వదిలి ఆ బెంచీల మీద కూర్చున్నది ఎవరూ చూడలేదు.

ఆ ఇళ్ళలో అంట్లు తోమే, బట్టలుతికే, వంట చేసే ఆడవాళ్ళు ఊరి నుంచి టంటం బండిలో, అంటే షేర్ ఆటోలో, వస్తారు. ఏడున్నరకు దిగితే ‘మేడమ్ ఇంకా లేవలేదు’ అంటారు. ఒంటిగంటకు పని ముగిస్తే తిరుగు టంటం రెండు దాటితే గాని రాదు. ఆ గంట సేపు, రాయచూరు ఎండలో, వాళ్ళు గోడల వెంట నిలబడేవాళ్ళు. ఆనందమ్మ ఆ కాలనీకి వచ్చిన మొదటి వారంలోనే ఇది చూసింది.

చూసి ఊరుకునే మనిషి కాదామె. లింగసుగూరులో ఆడపిల్లల హాస్టల్లో ముప్పై ఒక్క ఏళ్ళు వంట చేసింది. పుట్టింది తెలంగాణ సరిహద్దు పల్లెలో, చదివింది ఏడో తరగతి దాకా కన్నడ బడిలో. రోజూ తెల్లవారి హాస్టలు నల్లబల్ల మీద ఆనాటి వంటలు కన్నడంలో రాసేది ఆమే. రొట్టెలు చేసే చోట ఒక్క పీట అడిగితే, వచ్చిన ప్రతి వార్డెనూ ‘చూద్దాం’ అన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళూ చూస్తూనే ఉన్నారు. మోకాళ్ళు అరిగాక రిటైరయింది. ఆ డబ్బుతో, భర్త బీరప్ప దాచిన దానితో, బిల్డరు కట్టి అమ్ముతున్న ఇళ్ళలో అన్నిటికన్నా చిన్నది కొన్నారు. కొన్న ఇంటికి ఆమె చేయించిన మొదటి మార్పు కట్ట.

అది కూడా పద్ధతి తప్పకుండా చేసింది. ఇంటి బయట ఏ మార్పు చేసినా ముందుగా నక్షా గీసి సంఘానికి అర్జీ పెట్టాలని క్రయపత్రంలో ఉంది. ఆమె గళ్ళ నోటుబుక్కు కాగితం మీద స్కేలు పెట్టి కట్ట బొమ్మ గీసింది, కొలతలు వేసింది. తీసుకుపోయి సంఘం కార్యదర్శి మహాంతేశ్‌కిచ్చి ముద్ర వేయించుకుంది. మహాంతేశ్ రిటైరైన కన్నడ మాస్టరు. ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సంఘం పుట్టినప్పట్నుంచి వచ్చిన మొదటి అర్జీ ఇదే అక్కా. ఇది ఎందుల పెట్టాల్నో కూడ నాకు తెల్వదు, ఫైలు లేదు” అన్నాడు.

ఉండదు మరి. మిగతా ముప్పై తొమ్మిది ఇళ్ళవాళ్ళు మురుగుకాలువ మీద ర్యాంపులు వేసుకున్నారు, రోడ్డు మీదికి మెట్లు దించుకున్నారు, మేడ మీద రేకుల గదులు లేపుకున్నారు. గోడలన్నీ మీగడ రంగే ఉండాలని షరతు ఉంటే అధ్యక్షుడి ఇల్లు నీలం అద్దాలతో సెల్‌ఫోన్ల షోరూములా మెరుస్తుంది. వీళ్ళెవరూ కాగితం ముక్క ఇచ్చిన పాపాన పోలేదు. నోటీసు మాత్రం కాగితం ఇచ్చిన మనిషికి వచ్చింది.

నోటీసులో తెలుగులో ఇలా ఉంది: ‘క్రయపత్రం పద్నాలుగో షరతు ప్రకారం ఇంటి ముందు కట్ట కట్టరాదు.’

బీరప్ప దాన్ని రెండుసార్లు చదివించుకుని విన్నాడు. “పడగొడ్దం తియ్యి. పెద్దోళ్ళ తోటి మనకేంది?” అన్నాడు.

“ఎవరు పెద్దోళ్ళు? కారు పెద్దగుంటే మనిషి పెద్దోడైతడా?”

“అట్ల గాదే. వాట్సాప్‌ల గూడ పెట్టిండ్రంట. అందరు సూసిండ్రు.”

అంతలో బసవ్వ వచ్చింది. అధ్యక్షుడి ఇంట్లో వంట చేసేది ఆమే. సంగతి అప్పటికే ఆ ఇంట్లో వినేసింది. కట్ట మీద కూర్చోకుండా గేటు బయటే నిలబడింది.

“మా తోటి నీకు తిప్పలొచ్చె అక్కా. రేపట్నుంచి మేం రోడ్డు మీద్నే ఉంటం. నువ్వు ఇల్లు ఖరాబు చేసుకోకు.”

“ముందు నువ్వు లోపలికొచ్చి కూసో. నిలబడి మాట్లాడితే నాకు వార్డెన్ యాదికొస్తది” అంది ఆనందమ్మ.

బసవ్వ కూర్చుంది గానీ అంచున, ఎవరైనా లేపితే లేవడానికి సిద్ధంగా.

ఆమె వెళ్ళాక ఆనందమ్మ బీరువా తీసి, కళ్ళజోడు పెట్టుకుని, క్రయపత్రం విప్పింది. పద్నాలుగో షరతు కన్నడంలో ఒక్క వాక్యం: ‘మనెయ ముందె కట్టిగె ఒట్టబారదు.’ ఇంకోసారి చదివింది. కట్టిగె అంటే వంటచెరకు. ఇంటి ముందు పొయ్యి కట్టెలు కుప్ప పోయకూడదని దాని అర్థం, అంతే. అరుగు ఊసే లేదు.

జరిగింది ఆమెకు వెంటనే అర్థమైంది. సంఘం అధ్యక్షుడు రమేష్‌బాబు కాలువ కింద ఆంధ్ర రైతులు వలసొచ్చి కట్టుకున్న క్యాంపు మనిషి. తాతల నాడు గుంటూరు వైపు నుంచి వచ్చి వరి పండించిన కుటుంబం, ఇప్పుడు బియ్యం మిల్లు. చదువంతా బెజవాడలో. చదువయ్యాక ఇన్నేళ్ళుగా కర్ణాటక నీళ్ళు తాగుతున్నా అతనికి కన్నడంలో వచ్చినవి రా, పో, ఎత్తు, దించు అనే ఆజ్ఞలే: బా, హోగు, ఎత్తు, ఇళిసు. అక్షరాలు తెలుగును పోలి ఉంటాయి గనక కన్నడం చదవడం కూడా వచ్చేసిందనుకున్నాడు. వాక్యంలో ‘కట్టి’ కనిపించింది, చివర కూడదు అనే ‘బారదు’ కనిపించింది, మధ్యలోది తన కోరికతో పూరించుకున్నాడు.

“అయితే ఫోన్ చేసి చెప్పరాదూ, అయిపోతది” అన్నాడు బీరప్ప.

“పదిమందిల నోటీసిచ్చిండు. పదిమందిలనే చదవాల.”

ఆదివారం పన్నెండు గంటలకు సంఘం సమావేశం. వాళ్ళు క్లబ్‌హౌస్ అని పిలుచుకునే రేకుల షెడ్డులో ముప్పై మంది దాకా చేరారు. ముందు వరసలో సోఫా ఒకటి, అధ్యక్షుడికి. ఆనందమ్మ క్రయపత్రం చంకలో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. బీరప్ప గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

“చూడమ్మా, నీ మీద మాకేం కక్ష లేదు” అని మొదలుపెట్టాడు రమేష్‌బాబు. “డీడ్‌లో ఉంది, నోటీసిచ్చాం. రూలంటే మా నాన్నకైనా రూలే.”

“మంచిదే సావుకార్. ఆ రూలు ఒకసారి సదవండ్రి, అందరం ఇంటం.”

“రాసే ఇచ్చాం కదా!”

“మీరిచ్చింది తెలుగుల ఉంది. పత్రం కన్నడంల ఉంది. కన్నడంల సదవండ్రి.”

రమేష్‌బాబు పత్రం అందుకుని, దాని వంక గంభీరంగా చూసి, కళ్ళజోడు తేలేదని మహాంతేశ్‌కి తోశాడు. కళ్ళజోడు అతని చొక్కా జేబులోనే ఉంది.

మహాంతేశ్ బడిలో పాఠం చెప్పినట్టు చదివాడు. “మనెయ ముందె కట్టిగె ఒట్టబారదు.” వెనక కన్నడిగులు కూర్చున్న వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. “ఇంటి ముందర వంటచెరకు కుప్ప పెట్టొద్దు అని సార్.”

“అదేంటి? కట్టి అని ఉంది కదయ్యా?”

“కట్టి గాదు సార్, కట్టిగె.”

“మరి ఆ ‘గె’ ఎక్కణ్ణించొచ్చింది?”

“మొదట్నుంచి ఉన్నది సార్.”

షెడ్డంతా ఘొల్లుమంది. ఆనందమ్మ నవ్వలేదు. “మీ పాప ఫంక్షనై నెల దాటె. వంటోళ్ళు మిగిల్చిన మొద్దులు ఇయ్యాల్టికీ మీ గేటు పక్కన కుప్పనే ఉన్నయి. పద్నాలుగో షరతు తాకితే మీకే తాకాల సావుకార్. నోటీసు నన్ను రాసియ్యమంటరా?”

రమేష్‌బాబు ముఖం ఎర్రబడింది. సోఫాలోంచి లేచాడు. రూలు పక్కకు పోయింది, లోపలున్నది బయటికొచ్చింది.

“సరే, కట్టి గిట్టి వదిలేయండి. అసలు మాట మాట్లాడుకుందాం. పొద్దున్నే కారు తీస్తే ఎదురుగా వాళ్ళే! రొట్టెలు తింటా, నవ్వుకుంటా, వరసాగ్గా కూర్చుని ఉంటారు. మొన్న ఇల్లు కొందామని వచ్చినాళ్ళు ఇదేం కాలనీయండీ అనడిగారు. రేపు ఇళ్ళ రేటు పడిపోతే ఆ నష్టం ఎవరిస్తారండీ?”

చాలా తలలు ఊగాయి. అంతదాకా నవ్విన తలలే.

“బసవ్వ వండిన కూడు రోజు తింటుండ్రు గదా, దానికి రేటు పడిపోలే. ఆమె అర్ధగంట కూసుంటే పడిపోతదా?” అంది ఆనందమ్మ.

“అది వేరమ్మా.”

“ఏం వేరు? ఇంట్ల నిలబడితే పని మనిషి, బయట కూసుంటే పరువు తక్కువనా?”

జవాబు లేనప్పుడు సంఘాలు చేసే పనే ఇదీ చేసింది, తీర్మానం ప్రతిపాదించింది. కట్ట ఉండొచ్చు గానీ దాని మీద బయటివాళ్ళు కూర్చోకూడదని కొత్త షరతు రాసుకుందామన్నాడు రమేష్‌బాబు. చేతులు లేచాయి. ఇరవై రెండని లెక్క తేలింది. గుమ్మం దగ్గర బీరప్ప తల వంచుకున్నాడు. కట్ట మిగిలి దాని మీద మనిషి మిగలకపోతే, దానికన్నా పడగొట్టడమే నయం.

ఆనందమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆన్చి మెల్లగా లేచింది.

“రాయండ్రి. అందరికన్న ముందు నేనే దస్కత్ పెడ్త. అయితే బయటోళ్ళంటే ఎవరో సాఫ్‌గా రాయాల. మీ బామ్మర్ది వస్తే బయటోడే. నా చెల్లె బిడ్డ వస్తే బయటిదే. వాళ్ళు కూసుంటే మీకు తకలీఫ్ లేదు గదా? మరి ఎవరు కూసుంటే తకలీఫో గది రాయండ్రి. ఏం పని చేసేటోళ్ళు, ఏ వాడ నుంచి వచ్చేటోళ్ళు, ఏ కులపోళ్ళు, అంత రాయండ్రి. కింద ఇరవై రెండు మంది పేర్లు రాసి దస్కత్‌లు పెట్టుండ్రి. ముద్ర కొట్టి నాకొక కాపీ ఇయ్యుండ్రి. దాన్ని నేను యాడ సూపియ్యాల్నో ఆడ సూపిస్త.”

మహాంతేశ్ రిజిస్టరు తెరిచాడు. తేదీ వేశాడు, హాజరు సంఖ్య వేశాడు, ‘తీర్మానం’ అని రాసి కింద గీత గీశాడు. పెన్ను పట్టుకుని తలెత్తాడు.

“ఏమని రాయాల సార్?”

రమేష్‌బాబు అటూ ఇటూ చూశాడు. “మరీ అలా రాయక్కర్లేదయ్యా. మనలో మనం అనుకుంటే చాలు.”

“అనుకునేదానికి రిజిస్టరెందుకు సార్? చెప్పండ్రి, రాస్త.”

లేచిన చేతులు ఎప్పుడు దిగాయో ఎవరూ గమనించలేదు. ఒకాయనకు ఫోనొచ్చింది, మోగకుండానే. ఒకావిడకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. మనసులో ధారాళంగా ఉన్న మాట కాగితం దాకా వచ్చేసరికి ఇరవై రెండు మంది చదువుకున్న వాళ్ళలో ఒక్కరికీ పలకలేదు. సిగ్గు వల్ల అయితే సంతోషించేవాళ్ళం. సంతకం భయం అది.

పావుగంట చూసి ఆనందమ్మ పత్రం మడిచింది. “రాసినంక పిలువు మహాంతేశప్పా, ఇంటి కాడనే ఉంట.”

బీరప్ప ఆమె చేతిలోంచి పత్రం అందుకున్నాడు. ఇద్దరూ ఎండలో నడుచుకుంటూ వచ్చేసరికి ఒంటిగంటన్నర. బసవ్వ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు గేటు బయట గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు.

“ఏమాయె అక్కా?” అంది బసవ్వ.

ఆనందమ్మ గేటు బార్లా తీసింది. “రాస్తుండ్రు. మాటలు దొరుకుతలేవంట. రాండ్రి, కూసోండ్రి.”