కుడితి తొట్టిలో నాయన సద్ది

ఫ్రిజ్‌లోంచి రాత్రి అన్నం డబ్బా తీశానో లేదో, నా కొడుకు ముక్కు మూసుకున్నాడు. "మళ్లీ మిగిలిందా? నీకు కొలత తెలీదా అమ్మా?"

ఒళ్లు మండింది. ఒకప్పుడు మా అమ్మను నేనూ ఇదే అడిగాను.

మార్కాపురం పక్క మా ఊళ్లో నాయన జీవాలు మేపేవాడు. అమ్మ రోజూ రాత్రి సంగటి రెండు ముద్దలు ఎక్కువే కెలికేది. పొద్దున వాటిలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్కతో నాకూ కొంచెం పెట్టేది. ఆ పులిసిన వాసనంటేనే నాకు విసుగు. మిగలకపోతే వేడివేడి దోసెలు పోస్తుంది కదా అని, ఒకనాడు అందరికంటే ముందే లేచి ఆ ముద్దలన్నీ బర్రె కుడితి తొట్టిలో వేసేశాను.

ఖాళీ గిన్నె చూసి అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఎంత పని చేసినావే! అది మీ నాయన మధ్యాన్నం సద్ది. కావాలనే ఎక్కువ చేసినా."

"ఇప్పుడు పొయ్యి ముట్టిస్తే పొద్దెక్కుతాది. జీవాలు ఆగవు" అని నాయన ఉత్త మజ్జిగ పట్టుకుని కొండకు పోయాడు.

దోసెలూ లేవు, ఏమీ లేవు. సాయంత్రం కాళ్లు కడుక్కుంటూ నాయన నన్నే అడిగాడు. "ఏమ్మా, రేపటి సద్ది నాకా, బర్రెకా?"

ఇప్పుడు నా కొడుక్కి ఏడింటికే స్కూలు బస్సు. అందుకే రాత్రి గ్లాసు బియ్యం కావాలనే ఎక్కువ పోశాను. అన్నానికి తాలింపు పెట్టి వాడి క్యారియర్ నింపాను. మధ్యాహ్నం ఆకలేస్తే వాడే తింటాడు. ఇక్కడ కుడితి తొట్టి కూడా లేదు.